ఇల్లంతా ఈగలు: బాబుకు రక్త విరేచనాలు రెండోసారి వచ్చాయి, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: గోదావరి కోడలు

మాది తూర్పు గోదావరి జిల్లాలో ఒక పల్లెటూరు. మా ఇంటికి సుమారు ముప్పావు కిలోమీటరు దూరంలో, ఊరికి ఉత్తరాన, మూడు గుడ్ల కోళ్ల ఫారాలు ఉన్నాయి. మా పెరట్లో రెండు గేదెలున్నాయి. మామిడి పళ్లు ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి ఈగలు కనిపించడం మాకు ఏటా మామూలే. కానీ ఈ ఏడాది తొలకరి పడిన పది రోజులకు మొదలైన బెడద ఇంతవరకు తగ్గలేదు. కంచంలో అన్నం వడ్డించి చెయ్యి పెట్టేలోపే నాలుగు వాలుతున్నాయి, పాలగిన్నె మూత కాస్త జరిపితే చాలు ముసురుకుంటున్నాయి. మా అత్తగారు ఒక చేత్తో విసనకర్ర ఊపుతూ రెండో చేత్తో మనవడికి ముద్దలు పెడుతున్నారు.

మా బాబుకు మూడేళ్లు. జూలైలో ఒకసారి, ఆగస్టులో మళ్లీ ఒకసారి జ్వరంతో పాటు రక్తం, జిగట పడే విరేచనాలయ్యాయి. రెండోసారి మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గారు ముందు ఈగల సంగతి చూసుకోమన్నారు గానీ, ఎలా చూసుకోవాలో చెప్పే తీరిక ఆయనకు లేకపోయింది.

మేము చేయనిది లేదు. స్ప్రే కొట్టిన గంటకు నేల మీద నుంచి గుప్పెడు ఈగలను ఊడ్చి పారబోస్తాను, మర్నాటికి మళ్లీ అన్నీ ఉంటాయి. లవంగాలు గుచ్చిన నిమ్మచెక్కలు పెట్టాము, కర్పూరం వెలిగించాము, పసుపు నీళ్లతో నేల తుడిచాము. టిఫిన్ హోటళ్లలో కట్టినట్లు గుమ్మానికి నీళ్ల సంచి కూడా వేలాడదీశాము. ఆ సంచి మీదే ఒక ఈగ తాపీగా కూర్చుని ముందుకాళ్లు రుద్దుకుంటూ ఉండగా చూసి, దానిని నేనే తీసేశాను.

బాబుకు వచ్చిన జబ్బు నిజంగా ఈగల వల్లనే వస్తుందా, లేక నీళ్ల వల్లనా? ఇంట్లో అందరూ ఫారాల వాళ్లనే తిడుతున్నారు. ఈగలన్నీ అక్కడి నుంచే వస్తున్నట్లయితే ఇంటి దగ్గర మేము చేయగలిగింది ఏమైనా ఉంటుందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం: పాత హెల్త్ ఇన్‌స్పెక్టర్

అమ్మా, బాబు కోలుకున్నందుకు సంతోషం. నేను ఆరోగ్యశాఖలో ముప్పై ఏళ్లు ఊళ్లు తిరిగి పదవీ విరమణ చేసినవాడిని, వైద్యుణ్ణి కాను. కనుక మందుల జోలికి పోకుండా ఈగల గురించి మాత్రమే చెబుతాను.

మీరు అడిగిన రెండు ప్రశ్నలకు జవాబులు రెండు వేర్వేరు చోట్ల ఉన్నాయి. ఈగ పుట్టిన చోటు వేరు, అది రోగక్రిమిని కాలికి అంటించుకున్న చోటు వేరు. ఈ రెండూ ఒకటేనని అనుకోవడం వల్ల చాలా ఊళ్లలో ఫారం వాళ్లతో తగాదాలు ముదురుతాయే తప్ప పిల్లల విరేచనాలు తగ్గవు.

ముందుగా జబ్బు సంగతి. పిల్లలకు రక్తం, జిగట పడే విరేచనాలు కలిగించేవాటిలో ముఖ్యమైనది షిగెల్లా అనే సూక్ష్మజీవి. మీ బాబుకు వచ్చింది అదేనా కాదా అన్నది మల పరీక్ష చేసినవారే చెప్పాలి. అయితే ఈగల మాట వచ్చినప్పుడు షిగెల్లాను ప్రత్యేకంగా చెప్పుకోవడానికి కారణం ఉంది. కలరా అంటుకోవాలంటే సాధారణంగా లక్షలకు లక్షలు క్రిములు కడుపులోకి పోవాలి, షిగెల్లాకు పది నుంచి వంద చాలు. ఈగ కాలి నూగుకు అంటుకుని వచ్చే మలం సూదిమొనంత కూడా ఉండదు, కానీ జబ్బుపడిన పిల్లవాడి మలమైతే ఆ రవ్వలోనే అంతకు ఎన్నో రెట్లు క్రిములుంటాయి. టైఫాయిడ్, కలరా వంటివాటికి ఈగ తెచ్చిన ఆ కాస్త చాలకపోవచ్చు. కానీ అది వాలింది పొద్దున వండి మధ్యాహ్నం దాకా మూత లేకుండా ఉంచిన పప్పు మీదో, అన్నం మీదో అయితే, ఆ వేడికి క్రిములు తమంతట తామే పెరిగి మిగిలిన పని పూర్తి చేస్తాయి.

ఈగ కాళ్లతో మోసుకొచ్చేది సగమే. దానికి నమిలే నోరు లేదు, స్పంజి వంటి మెత్తని తొండంతో ద్రవాన్ని మాత్రమే పీల్చుకోగలదు. బెల్లం ముక్క మీద వాలిందంటే ముందుగా లాలాజలాన్ని, దానితో పాటు లోపలి సంచిలో దాచుకున్న పాత ఆహారాన్ని కక్కి, ఆ తడితో బెల్లాన్ని కరిగించి పీలుస్తుంది. కూర్చున్న చోటనే మలం కూడా విడుస్తుంది. మీ వంటింట్లో బల్బు వేలాడే తీగనో, దండెం తాడునో దగ్గరగా చూడండి. ముదురు రంగు చుక్కలు కొన్ని, లేత గడ్డిరంగు చుక్కలు కొన్ని కనిపిస్తాయి. ముదురువి రెట్ట, లేతవి కక్కినవి. రాత్రి పూట ఈగలు అటువంటి తీగల మీద, తాళ్ల మీద, పైకప్పు అంచుల మీద నిద్రపోతాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, జిగురు కాగితం ఎక్కడ కట్టాలన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

ఈగల వల్లనా, నీళ్ల వల్లనా అని అడిగారు. రెండూ ఉంటాయి, చేతులు కూడా ఉంటాయి. ఈగల వాటా ఎంతో తెలుసుకోవడానికి ఇజ్రాయెల్ సైనిక శిబిరాల్లో 1988, 1989 వేసవుల్లో ఎరబోనులు పెట్టి చూశారు. ఈగలు తగ్గిన శిబిరాల్లో షిగెల్లా విరేచనాలు మొదటి ఏడాది 85 శాతం తగ్గాయి. పాకిస్తాన్ పల్లెల్లో చేసిన ఇటువంటి పరీక్ష ఫలితాలు 1999లో వెలువడ్డాయి. అక్కడ ఈగలను అదుపు చేసిన ఊళ్లలో ఐదేళ్లలోపు పిల్లల విరేచనాలు 23 శాతం తగ్గాయి. సైనికుల శిబిరం వేరు, పిల్లలూ పశువులూ కలిసి ఉండే పల్లె వేరు. కనుక మీకు ఆ రెండో అంకెనే దగ్గరగా పెట్టుకొమ్మని నా సలహా. దాదాపు నాలుగో వంతు అంటే తక్కువేమీ కాదు, అలాగని నీళ్లు కాచడం, సబ్బుతో చేతులు కడగడం మానుకోదగినంత ఎక్కువా కాదు.

ఇక్కడొక ముఖ్యమైన మాట చెప్పాలి. షిగెల్లా గానీ టైఫాయిడ్ క్రిమి గానీ మనుషుల నుంచే మనుషులకు వస్తాయి. కోడిరెట్టలో పుట్టిన ఈగ పుట్టుకతో షిగెల్లాను వెంట తెచ్చుకోదు, అది ఎక్కడో ఒక మనిషి మలం మీద వాలి ఆ తరువాత మీ కంచం మీద వాలాలి. కోడిరెట్టలో వేరే క్రిములు, ముఖ్యంగా సాల్మొనెల్లా జాతివి ఉండవచ్చు గనుక ఫారానికి దోషం లేదని అనను. కానీ మీ బాబుకు వచ్చిన జబ్బు షిగెల్లాయే అయితే, దానిని అంటించిన మలం మీ ఇంటికి బహుశా వంద గజాల లోపలే ఉంటుంది. మీ వీధిలో చంటిపిల్లల మలం ఎక్కడ పారవేస్తున్నారో చూడండి. పెద్దలందరూ మరుగుదొడ్లకు వెళ్లే ఇళ్లలో కూడా పసిపిల్లలను కాలువ గట్టున కూర్చోబెట్టడం, వాడిన డైపర్లను పెంట మీదికి విసరడం నేను ఎన్నో ఊళ్లలో చూశాను. చంటిపిల్లల మలం వల్ల దోషం ఉండదన్న నమ్మకం మనలో గట్టిగా ఉంది, వాస్తవం దానికి పూర్తిగా విరుద్ధం. సెప్టిక్ ట్యాంకు మూత పగిలిందేమో, గాలి గొట్టం పైన జాలీ ఉందో లేదో కూడా చూడండి. గొట్టం మూతికి దోమతెర గుడ్డ ముక్క కట్టినా పని జరుగుతుంది.

ఇక పుట్టుక సంగతి. ఆడ ఈగ ఒక్కో విడతకు వంద నుంచి నూట యాభై దాకా గుడ్లు, జీవితకాలంలో అటువంటి విడతలు నాలుగైదు పెడుతుంది. మన వేడిలో గుడ్డు ఒక్క రోజులోనే చిట్లుతుంది. తెల్లని పురుగు నాలుగైదు రోజులు తడిలో తిని పెరిగి, తరువాత పొడిచోటు వెతుక్కుంటూ పాకి వెళ్లి, ముదురు గోధుమరంగు గింజలా మారుతుంది. ఆ గింజలోంచి మరో నాలుగైదు రోజులకు ఈగ బయటికి వస్తుంది. మొత్తం మీద సుమారు పది రోజులు. తొలకరి పడిన పది రోజులకు మీ ఇంట్లో బెడద మొదలైందని మీరే రాశారు, లెక్క సరిగ్గా సరిపోయింది. మీరు స్ప్రేతో చంపుతున్నది ఎగిరే ఈగలను మాత్రమే, రేపటివీ ఎల్లుండివీ తడి పెంటలో భద్రంగా ఉన్నాయి. పైగా ఒకే మందును పదేపదే కొడితే దానికి లొంగనివే మిగులుతాయి. డీడీటీ వాడకం మొదలైన కొద్ది ఏళ్లకే, 1946లో, దానికి చావని ఈగలు స్వీడన్‌లో కనిపించాయి. ఇప్పటి స్ప్రేల సంగతి కూడా చాలాచోట్ల అంతే.

కాబట్టి ఎగిరేవాటి వెంట పడకుండా, మీ పెరట్లో తెల్లపురుగులు ఎక్కడ ఉన్నాయో వెతకండి. ఒక పుల్ల తీసుకుని, తడిగా ఉండి, కుళ్లి, రెండు రోజులుగా కదపని ప్రతిదానినీ కెలికి చూడండి.

సమాధానం: పాడిగేదెల ఇల్లు

చెల్లీ, పై పెద్దాయన చెప్పిన పుల్ల పని నేను నాలుగేళ్ల కిందట చేశాను, అందుకని రాస్తున్నాను. మాది గుంటూరు జిల్లా, మూడు గేదెలు. పేడకుప్పే కారణమని మేమంతా గట్టిగా నమ్మాము. తీరా కెలికి చూస్తే కుప్పలో కన్నా కుడితి తొట్టి కింద ఎక్కువ ఉన్నాయి. తవుడు కలిపేటప్పుడు అంచుల మీదుగా కారిన కుడితి, తొట్టి కిందికి చేరి, మట్టితో కలిసి పులిసి ఉంది. తొట్టిని ఇద్దరం పట్టి పక్కకు జరిపేసరికి ఆ చోటంతా ఉడికిన అన్నం పారబోసినట్లు తెల్లగా కదులుతూ కనిపించింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఇప్పుడు తొట్టిని నాలుగు రాళ్ల మీద ఎత్తి పెట్టాము, కింద బండ పరిచాము, రోజూ కడిగి ఆ నీటిని కొబ్బరిచెట్టు మొదటికి పారనిస్తాము. గేదెలు కాళ్ల కింద తొక్కిన ఎండుగడ్డి కూడా అంతే. పైకి పొడిగా కనిపిస్తుంది, ఎత్తి చూస్తే కింద పంచితం నానిన తడి ఉంటుంది. దానిని రోజూ తీసెయ్యాలి.

పేడ సంగతి కూడా చెప్పాలి. వేసవిలో మా అత్తగారు పిడకలు కొట్టి గోడకు వేస్తారు. పలచగా ఉండి రెండు రోజుల్లో ఎండిపోతాయి గనుక పురుగు పెరిగే వ్యవధి ఉండదు. కళ్లాపి చల్లినదీ అంతే, పూటలో ఆరిపోతుంది. పేడ ఉన్నంత మాత్రాన ఈగలు పుట్టవని, తడి పేడ కుప్పగా పడి ఉంటేనే పుడతాయని నాకు అప్పుడు తెలిసింది. వానాకాలంలో పిడకలు ఎండవు, కనుక ఆ మూడు నెలలూ పేడంతా కుప్పకే చేరుతుంది, ఈగలూ ఆ మూడు నెలల్లోనే విజృంభిస్తాయి. మేము కుప్పను గట్టిగా అదిమి, పైన మందపాటి పట్టా కప్పి, అంచుల మీద మట్టి వేస్తున్నాము. లోపల మాగే వేడికి పురుగు బతకదు, చల్లగా ఉండే అంచుల్లోకి చేరుతుంది. కనుక వారానికి రెండుసార్లు అంచుల్లోది పారతో నడిమికి ఎగదోస్తాము. ఈ పని వారానికి ఒక్కసారి కూడా చేయకపోతే మాత్రం పట్టా కప్పి లాభం లేదు. మిగిలినవాటిని మా నాటుకోళ్లు కెలికి ఏరుకు తింటాయి. ఈగలకూ కోళ్లకూ ఉన్న సంబంధం ఫారాల తగాదా ఒక్కటే కాదని నవ్వుకుంటూ ఉంటాము.

సమాధానం: నిమ్మకాయ సోడా

ఇంత శ్రమ ఎందుకో నాకు అర్థం కావడం లేదు. పెంట మీద, దొడ్డి చుట్టూ సున్నం, బ్లీచింగ్ పౌడరు చల్లించండి. వంటింట్లో మిఠాయి దుకాణాల్లో ఉండే నీలి దీపం యంత్రం ఒకటి తగిలించండి. మా పట్నం ఇంట్లో అంతటితో సరిపోయింది.

సమాధానం: పాత హెల్త్ ఇన్‌స్పెక్టర్

సున్నం గురించి ఒక పాత ఉదంతం చెప్పక తప్పదు. 1898లో స్పెయిన్‌తో యుద్ధానికి సిద్ధమైన అమెరికా సైనిక శిబిరాల్లో టైఫాయిడ్ చెలరేగి, యుద్ధరంగంలో చనిపోయినవారి కంటే ఎక్కువమందిని బలి తీసుకుంది. కారణం తేల్చడానికి సైనిక వైద్యుడు వాల్టర్ రీడ్ నాయకత్వంలో ముగ్గురు వైద్యులను నియమించారు. మరుగుదొడ్డి గుంటల మీద సున్నం చల్లిన కొన్ని శిబిరాల్లో, భోజనాల గుడారంలో ఆహారం మీద తిరుగుతున్న ఈగల కాళ్లకు తెల్లగా సున్నం అంటుకుని ఉండడం కంటికి కనిపించిందని వారి నివేదికలో ఉంది. గుంట నుంచి గిన్నె దాకా ఈగ నడిచిన దారికి అంతకంటే సాక్ష్యం అక్కరలేదు. పైపైన సున్నం చల్లితే ఈగ ఆగదని కూడా దానివల్లనే తెలుస్తోంది. బ్లీచింగ్ పౌడరు నీటిని శుద్ధి చేయడానికి పనికివస్తుంది. పెంటకుప్ప మీద చల్లితే దాని బలం ఆ పెంటలోనే ఖర్చయిపోతుంది, లోపలి పురుగును చేరదు.

నీలి దీపం పట్నంలో తలుపులు వేసి ఉండే వంటింట్లో కొంత పనిచేయవచ్చు. పల్లెటూరి ఇంట్లో పగటి వెలుతురు ముందు ఆ దీపం వెలవెలబోతుంది, ఈగలు తిరిగేదేమో పగలే. విద్యుత్తుతో కాల్చి చంపే రకాన్ని వంట చేసే చోటికి, వడ్డించే చోటికి పైన కట్టడం అసలే తగదు. చచ్చిన ఈగ పేలి, దాని తునకలు కిందనున్న గిన్నెల్లో పడతాయి. మిఠాయి దుకాణాల్లో దానిని సరిగ్గా అద్దాల అలమర నెత్తిన తగిలించడం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

వంటింటి వరకు చేయవలసినవి తక్కువే. కిటికీలకు దోమల జాలీ కొట్టించండి, అదే ఈగకు కూడా చాలు. భోజనాల వేళ ఫ్యాను తిప్పండి, విసురుగాలిలో ఈగ నిలకడగా వాలలేదు. పాత ఇళ్లలో ఉండే జాలీ అలమర ఉంటే అటక మీద నుంచి దించండి. జిగురు కాగితాన్ని కిటికీ దగ్గర కట్టవద్దు, చుక్కలు ఎక్కువగా ఉన్న తీగ పక్కన కట్టండి.

సమాధానం: లేయర్ ఫారం

నేను పదిహేనేళ్లుగా గుడ్ల కోళ్ల ఫారం నడుపుతున్నాను, మీ జిల్లా కాదు. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో మన ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానమని మేము గర్వంగా చెప్పుకుంటాము. ఆ గుడ్ల వెనుక ఉన్న రెట్ట గురించి కూడా అంతే నిజాయితీగా మాట్లాడాలి. ఫారం సరిగ్గా లేకపోతే ఊరికి ఈగలు వెళతాయి, ఇందులో దాచవలసింది ఏమీ లేదు. ఈగ రెండు మూడు కిలోమీటర్లు సులువుగా పోగలదు, ముప్పావు కిలోమీటరు దానికి ఒక లెక్క కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 మార్గదర్శకాల ప్రకారం ఐదు వేల కోళ్లు దాటిన ఫారాలకు రాష్ట్ర మండలి అనుమతి ఉండాలి, కొత్త ఫారాలు నివాస ప్రాంతానికి 500 మీటర్ల దూరంలో ఉండాలి. ఆ దూరం కొంతవరకు వాసనను ఆపుతుంది గానీ ఈగను ఆపదు. ఈగను ఆపేది ఫారం లోపలి పొడితనం ఒక్కటే.

కోళ్ల పంజరాల కింద పడే రెట్ట తాజాగా ఉన్నప్పుడు ముప్పాతిక వంతు నీరే ఉంటుంది. గాలి ఆడుతూ ఉంటే అది గోపురంలా పేరుకుని ఆరిపోతుంది, ఆరిన రెట్టలో ఈగ గుడ్డు పెట్టదు. కోళ్లు నీళ్లు తాగే గొట్టానికి ఉండే చిన్న మూతి, అంటే నిపుల్, ఒక్కటి కారుతూ ఉంటే దాని కింద గోపురం కూలి బురద అవుతుంది. షెడ్డు మొత్తం మీద అటువంటి బురద మడుగులు ఐదో ఆరో ఉన్నా ఊరంతటికీ సరిపోయే ఈగలు వాటిలోంచే వస్తాయి. మా కుర్రవాడి పని ఉదయం లేవగానే కారే నిపుల్ వెతకడం, తడిసిన రెట్టను తీసివేసి పొడిది వేయడం. వానలకు జల్లు లోపలికి కొట్టే వైపు పట్టాలు దింపుతాము.

ఊరివాళ్లు గోల చేస్తే చాలామంది యజమానులు కంగారుపడి వానాకాలం మధ్యలో షెడ్డు అంతా నేల కనిపించేలా ఊడ్పించేస్తారు. దానివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. పాత పొడి రెట్టలో ఈగ గుడ్లను, పురుగులను తినే చిన్న నల్లని పెంకుపురుగులు, కంటికి ఆనని పేలవంటి జీవులు, ఈగ గింజలలో గుడ్లు పెట్టే అతి చిన్న కందిరీగలు ఉంటాయి. అంతా ఒకేసారి ఎత్తేస్తే అవీ పోతాయి, కొత్త తడిరెట్టలో ఈగకు అడ్డు ఉండదు. అందుకని మేము అడుగున అరజానెడు పొడి పొర ఉంచి, ఒక వరుస తీసిన కొన్ని వారాలకు మరో వరుస తీస్తాము. మరీ అవసరమైతే పశువైద్యుని సలహా మీద కొన్ని వారాల పాటు మేతలో సైరోమజిన్ కలుపుతాము. అది రెట్టలోకి చేరి పురుగును ఎదగనివ్వదు. ఏడాది పొడుగునా వాడితే దానికీ పురుగు అలవాటు పడుతుంది. కనపడిన విషమల్లా షెడ్డులో కొట్టడం మాత్రం తప్పు. 2017లో ఐరోపాలో కోళ్ల పేల కోసం వాడిన ఫిప్రోనిల్ అనే పురుగుమందు గుడ్లలో తేలి, లక్షల కొద్దీ గుడ్లను దుకాణాల నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

మీ వైపు మరొకటి చూడాలి. ఫారం ఎరువును చేలకూ చేపల చెరువులకూ కొంటారు కదా. ట్రాక్టరుతో తెచ్చి గట్టు మీద దించి, వాడేదాకా వారాల తరబడి కప్పకుండా వదిలేస్తారు. అప్పటిదాకా పొడిగా ఉన్నది ఒక్క వానకు నాని, ఫారంలో పుట్టని ఈగలు గట్టు మీద పుడతాయి. తిట్లు ఫారానికే వస్తాయి. మీ ఇంటికి దగ్గరలో అటువంటి కుప్ప ఏదైనా ఉందేమో చూడండి.

చివరగా ఒక చిట్కా. మేము షెడ్డులో పోస్టుకార్డంత తెల్లని అట్టముక్కలు వేలాడదీసి, వారానికి ఒకసారి వాటి మీద ఈగలు పెట్టిన చుక్కలు లెక్కపెడతాము. ఒక అట్ట మీద వారంలో వంద దాటితే ఎక్కడో తడి ఉందని అర్థం. మీరూ వంటింట్లో ఒకటి, గేదెల పాకలో ఒకటి కట్టి తేదీ రాయండి. ఈగలు తగ్గినట్లనిపించడం వేరు, చుక్కలు తగ్గడం వేరు. ఫారం యజమానితో మాట్లాడేటప్పుడు కూడా అట్టలు చూపిస్తే మాట ముందుకు సాగుతుంది.

గోదావరి కోడలు

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాలు ఆగి రాస్తున్నాను, ఎందుకంటే చుక్కలు లెక్కపెట్టకుండా ఏమీ రాయకూడదని అనుకున్నాను.

అక్క రాసినది చదివిన రోజే మా కుడితి తొట్టి జరిపాము. అక్కడ పెద్దగా ఏమీ లేవు. పేడకుప్ప అంచుల్లో ఉన్నాయి, అది ఊహించినదే. నేను ఊహించనిది మామిడి టెంకల సంగతి. మే నెలలో తాండ్ర కోసం రసం తీసిన టెంకలూ తొక్కలూ పెరటి గోడ పక్కన గుంటలో పోసి, పైన కొబ్బరాకులు వేసి మరచిపోయాము. వానకు ఆ గుంట నిండి నానింది. ఆకులు ఎత్తగానే అంతా పురుగులే, గోడ వారనున్న పొడిమట్టిలో గోధుమరంగు గింజలు చేటెడు దాకా ఉన్నాయి. గుంటను పూర్తిగా తవ్వి, రెండడుగుల మట్టి కప్పి, తొక్కి గట్టిపరిచాము. పేడకుప్పకు పట్టా కప్పాము, బుధవారం ఒకసారి, ఆదివారం ఒకసారి అంచులు ఎగదోస్తున్నాము.

పెద్దాయన చెప్పిన వంద గజాల మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. వెతికితే ఆ చోటు మాదే. బాబు ఆగస్టులో జబ్బుపడినప్పుడు విరేచనాల బట్టలు నేను పంపు దగ్గర ఉతికి, ఆ నీళ్లను పక్కనున్న కచ్చా కాలువలోకి వదిలాను. కాలువకు అవతలి ఇంట్లో ఇద్దరు పిల్లలు. వారికీ ఆ వారంలోనే విరేచనాలయ్యాయని ఇప్పుడు అడిగితే చెప్పారు. వాళ్ల అమ్మా నేనూ కలిసి, పిల్లల మలం, ఆ బట్టలు ఉతికిన మొదటి నీళ్లు మరుగుదొడ్డిలోనే పోయాలని ఒక మాట అనుకున్నాము. ట్యాంకు గొట్టానికి తెర ముక్క కట్టాము.

వంటింటి అట్ట మీద మొదటి వారం 140 చుక్కలు, రెండో వారం 90, మూడో వారం 35. గేదెల పాకలో 210 నుంచి 120కి వచ్చి అక్కడే ఆగింది. ఆ తగ్గనిది ఫారాలదో, చెరువు గట్టు కుప్పదో ఇంకా తేలలేదు. గట్టు మీద నిజంగానే ఒక కుప్ప ఉంది, పైన కప్పు లేదు. అది ఎవరు దింపించారో కనుక్కున్నాము. ఈ ఆదివారం మా మామగారు ఆ రైతునూ, ఒక ఫారం యజమానినీ ఇంటికి పిలిచారు. మూడు వారాల అట్టలూ తేదీలు వేసి భద్రంగా ఉంచాను.